గ్రెగరీ పింకస్: మాత్రకు వారం విరామం

నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతంలో పసుపు తవ్వకం మొదలైన నాటి నుండి, దుంపను ఉడకబెట్టి, ఎండబెట్టి, కొమ్ములను బజారుకు చేర్చేవరకు స్త్రీలకు తీరిక అన్నమాట ఉండదు. అటువంటి పని దినాలలో ఒక ఇల్లాలు రాత్రివేళ గర్భనిరోధక మాత్రను మరచిపోవడం వింత కాదు. ఆ తరువాత కొద్దిపాటి రక్తం కనిపించగానే బెదరిపోయి, ప్యాకెట్టునే పక్కన పడవేయడం కూడ వింత కాదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ప్యాకెట్టులో 28 మాత్రలు ఉంటాయి. వాటిలో 21 మందు మాత్రలు, తక్కిన 7 ఇనుము మాత్రలు. ఈ ఏడింటిని వేరుచేసినది ఎవరు? ముట్టు ఆ ఏడు దినాలలోనే కనిపించడానికి కారణమేమి? ఈ ప్రశ్నలకు సమాధానం గ్రెగరీ పింకస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుని జీవితంలో ఉన్నది.

పింకస్ 1903 ఏప్రిల్ 9వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రంలోని వుడ్‌బైన్ గ్రామంలో జన్మించాడు. రష్యా సామ్రాజ్యం నుండి వలసవచ్చిన యూదులు సేద్యం చేసుకుని బ్రతకడానికి ఏర్పరచుకొన్న ఊరది. కర్షకుల నడుమ పెరిగిన ఆ బాలుడు కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రమే చదివి 1924లో పట్టా పుచ్చుకొన్నాడు. 1927లో హార్వర్డులో డాక్టరేటు పొంది, ప్రాణుల సంతానోత్పత్తి రహస్యాలను శోధించడానికి పూనుకొన్నాడు.

1934లో ఆయన కుందేలు అండాన్ని దేహం వెలుపల గాజుపాత్రలో ఫలదీకరింపజేసినట్లు ప్రకటించాడు. ఆ వార్త విని పత్రికలు కలవరపడ్డాయి. మనుష్యులను పాత్రలలో పుట్టించే దుస్సాహసిగా ఆయనను చిత్రించాయి. హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగం లభించలేదు. మిత్రుడు హడ్సన్ హోగ్లండ్ చేయూతనిచ్చి వూస్టర్ నగరానికి పిలిపించుకొన్నాడు. ఆ ఇద్దరూ 1944లో ప్రయోగాత్మక జీవశాస్త్రానికై స్వతంత్ర సంస్థనొకదానిని స్థాపించారు.

ఆ సంస్థను వెతుకుకొంటూ వచ్చిన ఆలోచన మార్గరెట్ శాంగర్ అనే నర్సుది. వెంటవెంట కాన్పులతో నశించిపోయే పేద తల్లులను ఆమె కన్నులార చూచినది. 1935లో భారతదేశానికి వచ్చి, వార్ధాలో గాంధీజీని కలసి వాదించినది. నిగ్రహమొక్కటే మార్గమని మహాత్ముడు తన మాట విడువలేదు. స్త్రీ తన చేతిలో ఉంచుకొనగల సులభమైన మాత్ర కావాలని ఆమె పింకస్‌ను కోరినది. జీవశాస్త్రంలో పట్టభద్రురాలు, ధనవంతురాలు అయిన క్యాథరిన్ మెక్‌కార్మిక్ 1953 నుండి ఆ పరిశోధనకు ధనం సమకూర్చినది.

గర్భం దాల్చిన స్త్రీలో ప్రొజెస్టెరోన్ అనే హార్మోను మరొక అండం విడుదల కాకుండ ఆపుతుంది. ఆ పనినే మాత్రచేత చేయించవచ్చునని పింకస్ భావించాడు. ఆయన సహచరుడు చాంగ్ కుందేళ్లపై ఈ సంగతిని పరీక్షించి చూచాడు. అంతకుముందే రస్సెల్ మార్కర్ అనే రసాయనికుడు మెక్సికో అడవులలోని దుంప నుండి ఈ హార్మోనును చౌకగా తయారుచేసే మార్గం కనిపెట్టాడు. ఆ దుంప మన పెండలం జాతికి చెందినదే. పసుపు దుంప విలువ ఎరిగిన ఆర్మూరు రైతుకు ఈ సంగతి ఆశ్చర్యం కలిగించదు.

ఇక్కడ చిక్కు ఒకటి ఎదురయింది. బోస్టన్ వైద్యుడు జాన్ రాక్ సంతానం లేని స్త్రీలకు హార్మోనులను ఎడతెగకుండ ఇచ్చి చూస్తూ ఉన్నాడు. వారికి నెలసరి ఆగిపోయింది. గర్భం నిలిచిందని వారు సంబరపడి, కాదని తెలిసి దుఃఖించారు. అందుచేత మందును నెలకు 20 దినాలు మాత్రమే ఇచ్చి ఆపమని పింకస్ సూచించాడు. మందు ఆగగానే హార్మోను తగ్గి గర్భాశయపు లోపలి పొర జారిపోతుంది. మాత్ర వాడే స్త్రీకి కనిపించే రక్తం ఇదే. అండం విడుదలైన పిమ్మట వచ్చే సహజమైన ముట్టు కాదది. విరామం వలన వచ్చినది. అందుకే అది స్వల్పంగా ఉండటం అనారోగ్యం కాదు, చెడు రక్తం లోపల నిలిచిపోవడమూ కాదు.

1956లో ప్యూర్టోరికో ద్వీపంలో పెద్ద పరీక్ష మొదలయింది. తొలి మాత్రలలో ఈస్ట్రొజెన్ జాతి పదార్థం కొంత కల్తీగా కలిసిపోయింది. దానిని తొలగించగా నెల మధ్యలో రక్తస్రావం ఎక్కువయింది. కనుక దానిని బుద్ధిపూర్వకంగానే తిరిగి చేర్చారు. అయితే ఈ చరిత్రలో మచ్చ కూడ ఉన్నది. ఆ స్త్రీలకు ఇది ప్రయోగమని విడమరచి చెప్పలేదు. వూస్టర్‌లో మానసిక రోగులపైన కూడ మందును పరీక్షించారు. వికారం, తలనొప్పి, తలతిరుగుడు అధికంగా ఉన్నాయని ప్యూర్టోరికోలోని వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే తెలిపినా, పింకస్ ఆ మాటకు తగిన విలువ ఇవ్వలేదు.

అమెరికా ప్రభుత్వం ఈ మాత్రను 1957లో ఋతుదోషాలకు, 1960లో గర్భనిరోధానికి అంగీకరించింది. 1967 ఆగస్టు 22వ తేదీన పింకస్ బోస్టన్‌లో కన్నుమూశాడు. తొలి మాత్రలోని అధిక మోతాదు కొందరిలో రక్తం గడ్డకట్టడానికి కారణమైనదని తేలడంతో, మోతాదు క్రమంగా తగ్గింది. తొలి మాత్రలో 10 మిల్లీగ్రాముల మందు ఉండగా, నేటి మాలా-ఎన్‌లో లెవోనార్‌జెస్ట్రెల్ 0.15, ఇథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు మాత్రమే.

ఆయన ఏర్పరచిన నియమం మాత్రం నిలిచింది. ప్రతిదినం ఒకే వేళకు, రాత్రి భోజనం కాగానే అనుకుంటే మరపు రాదు, ఒక మాత్ర వేసుకోవాలి. ఇనుము మాత్రలు ముగిసిన మరునాడే కొత్త ప్యాకెట్టు మొదలుపెట్టాలి. ఒక మాత్ర మరచిపోతే జ్ఞాపకం రాగానే వేసుకుని, తరువాతి మాత్రను యథావేళకు తీసుకోవాలి. రెండు లేక అంతకు మించి తప్పితే, వెంటనే ఒకటి వేసుకుని దినచర్య కొనసాగిస్తూ, ఏడు దినాలు నిరోధ్ వంటి రక్షణ కూడ పాటించాలి. అవి మూడవ వారంలో తప్పితే ఇనుము మాత్రలను విడిచి కొత్త ప్యాకెట్టుకు పోవాలి. మొదటి రెండు మూడు నెలలు నడుమ నడుమ రక్తపు మరకలు కనిపించవచ్చు. అంతమాత్రాన మాత్ర మానరాదు. మాత్రలు తప్పి, ముట్టు కూడ రాకపోతే గర్భపరీక్ష చేయించుకోవాలి. అధిక రక్తపోటు, రక్తం గడ్డకట్టే వ్యాధి, తీవ్రమైన పార్శ్వపు నొప్పి ఉన్నవారు, ముప్పది ఐదు దాటి పొగ త్రాగేవారు, ఆరు నెలల లోపు శిశువుకు పాలిచ్చే తల్లులు వైద్యుని అడగకుండ వాడరాదు. వారానికి లెక్కగా వేసుకునే ఛాయా మాత్రల నియమం వేరు, రెంటినీ కలపరాదు.

ప్యూర్టోరికో స్త్రీలకు దక్కనిది తెలిసికొనే హక్కు. ఆర్మూరు ఇల్లాలికి మాత్రతోపాటు, ఆ ఏడు దినాల అర్థం కూడ చెప్పినప్పుడే ఆమె చిన్న మరకకు బెదరదు, వేళ తప్పదు. తరగతి గదిలో జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయునికి, వినే విద్యార్థినికి ఇది సిగ్గుపడవలసిన పాఠం కాదు.