ఫ్లారెన్సు నైటింగేలు – గృహపరిచర్య

వైద్యుడు రోగి చెంత నుండునది కొలదిసేపు మాత్రమే. మిగిలిన పగలును, రాత్రియు రోగి తన మంచము కడ నుండువారి చేతిలో నుండును. మందు వేళకు అందుట, త్రాగునీరు శుభ్రముగ నుండుట, గదిలోనికి గాలి వెలుతురులు వచ్చుట వారి శ్రద్ధపై నాధారపడును. అట్టివారికి దయ యొక్కటియే చాలదనియు, తెలివియు, శిక్షణయు, బాధ్యతయు నుండవలెననియు లోకమునకు బోధించిన మహనీయురాలు ఫ్లారెన్సు నైటింగేలు. దీపము చేతబూని గాయపడిన సైనికులను పరామర్శించిన వనితగా ఆమెను ఎల్లరు నెరుగుదురు. బీదల యిండ్లలోని రోగులకై ఆమె చేసిన కృషి అంతకంటె తక్కువది కాదు.

ఫ్లారెన్సు 1820 మే 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. తల్లిదండ్రులు సంపన్నులైన ఆంగ్లేయులు. పుట్టిన నగరము పేరునే బిడ్డకు పెట్టిరి. తండ్రి తానే గురువై ఆమెకు గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను నేర్పెను. గణితమనిన ఆమెకు మిక్కిలి ప్రీతి. చిన్నతనము నుండియు ఆమె తమ గ్రామములోని బీదల యిండ్లకు పోయి రోగులను చూచుచుండెడిది. 1845లో ఒక బీదస్త్రీ ఆమె కన్నులయెదుటనే మరణించెను. రాత్రులు ఆ రోగి చెంత మేలుకొని కూర్చుండినవారు లేకపోలేదు. వారికి పరిచర్య చేయుట తెలియదు. వారి యజ్ఞానమే ఆ రోగికి విషమైనదని ఫ్లారెన్సు పరితపించెను.

పరిచర్యను శాస్త్రముగ నేర్వవలెనని ఆమె నిశ్చయించుకొనెను. ఆ యేటనే ఒక వైద్యశాలలో చేరి నేర్చుకొందునని తల్లిదండ్రులను వేడెను. వారు సమ్మతింపలేదు. ఆ కాలమున ఇంగ్లండులో పరిచారికావృత్తి హీనముగ నెంచబడుచుండెను. చదువు లేనివారు, త్రాగుడుకు లోనైనవారు అందు పెక్కురుందురను అపఖ్యాతి కలదు. ఫ్లారెన్సు నిరాశ చెందలేదు. తెల్లవారకమునుపే లేచి వైద్యశాలల నివేదికలను చదువుచుండెను. తుదకు 1851లో జర్మను దేశమందలి కైజర్స్‌వెర్తు అను చోట సుమారు మూడు నెలలు శిక్షణ పొందెను. 1853లో లండనులో రోగులైన స్త్రీలకై నెలకొల్పబడిన యొక చిన్న సంస్థకు అధికారిణి యయ్యెను.

1854లో క్రిమియా యుద్ధము జరుగుచుండగా, ప్రభుత్వము కోరికపై ఆమె 38 మంది పరిచారికలతో టర్కీ దేశమందలి స్కుటారి సైనిక వైద్యశాలకు పోయెను. అచట గాయములకంటె రోగములచే మరణించినవారే యధికులు. 1855లో మురుగుకాలువలు బాగుచేయబడిన పిమ్మట మరణములు మిక్కిలి తగ్గెను. యుద్ధానంతరము ఆమె మృతుల లెక్కలను పరిశీలించి, పారిశుద్ధ్యలోపమే ఆ వినాశమునకు ముఖ్యకారణమని గ్రహించెను.

యుద్ధకాలమున సోకిన జ్వరము ఆమె యారోగ్యమును చెరచెను. 1857 తరువాత ఆమె చిరకాలము ఇల్లు వెడలక మంచము నాశ్రయించి యుండవలసి వచ్చెను. పరిచర్య పొందువారి బాధ ఆమెకు స్వానుభవమయ్యెను. 1860 నాటికి వెలువడిన ఆమె గ్రంథము ఇంటిలో రోగులను కనిపెట్టి యుండు స్త్రీల కొరకు వ్రాయబడినది. స్వచ్ఛమైన గాలి, స్వచ్ఛమైన నీరు, మంచి మురుగుపారుదల, పరిశుభ్రత, వెలుతురు అను ఐదును ఇంటి యారోగ్యమునకు ఆవశ్యకములని అందు తెలిపెను. రోగి గదిలో గుసగుసలాడుట, లేని ధైర్యము చెప్పుట కూడ హాని చేయునని హెచ్చరించెను. అన్నిటికంటె ముఖ్యమైన సూత్రము మరియొకటి కలదు. పరిచారిక తానున్నపుడు చక్కగ చేసిన చాలదు. తాను లేని వేళ ఆ పని యెట్లు జరుగునో ముందుగనే యేర్పాటు చేయవలెను. ఆమె దృష్టిలో బాధ్యత వహించుట యనగా ఇదియే.

1860లో లండనులోని సెయింట్ థామసు వైద్యశాలయందు, ప్రజల విరాళములతో ఆమె పేర పరిచారికల శిక్షణాలయము వెలసెను. మరుసటి యేట లివర్‌పూలు నగరము నుండి విలియం రాత్‌బోను అను వర్తకుడు ఆమెకు లేఖ వ్రాసెను. 1859లో అతని భార్య జబ్బుపడి మరణించెను. ఆమెకు ఇంటికడ పరిచర్య చేసిన మేరీ రాబిన్సను నేర్పును చూచి, ఇట్టి సేవ బీదలకును లభింపవలెనని అతడు తలచెను. మూడు నెలలు బీదల యిండ్లలో పరిచర్య చేయుటకు మేరీని నియమించెను. ఒక నెల గడచునప్పటికి ఆ దైన్యమును చూడజాలక, ఆమె కన్నీటితో వచ్చి తన్ను విడిచిపెట్టుమని వేడెను. అతడు ధైర్యము చెప్పి పంపెను. మూడు నెలలు నిండునప్పటికి ఆ పనిని విడువజాలనని ఆమెయే నిశ్చయించుకొనెను. అట్టివారు మరికొందరు కావలెనని రాత్‌బోను వెదకగా శిక్షణ పొందినవారు దొరకలేదు.

శిక్షణాలయమును లివర్‌పూలులోనే, అచటి వైద్యశాలకు అనుబంధముగ స్థాపింపుమని ఫ్లారెన్సు సలహా యిచ్చెను. 1862లో అది ప్రారంభమయ్యెను. నగరమును 18 భాగములుగ విభజించి, ఇంటింటి రోగులకు పరిచారికలను పంపసాగిరి. 1874లో లండనులోను ఇట్టి సంఘ మేర్పడెను. పరిచారిక యెట్లుండవలెనో వివరించుచు 1876లో ఫ్లారెన్సు టైమ్సు పత్రికకు వ్రాసెను. పరిచారిక రోగికే గాక గదికిని పరిచర్య చేయవలెను. ఆ శుభ్రతను నిలుపుకొనుట ఇంటివారికి నేర్పవలెను. మురుగు, నీటి లోపములను ఆరోగ్యాధికారికి తెలుపవలెను. ఆమె ధర్మము చేయుటకు వచ్చినది కాదు. రోగిని స్వస్థుని జేసి, ఆ కుటుంబము తన కాళ్లపై నిలుచునట్లు చేయవలెను. పగలంతయు శ్రమించిన పరిచారికకును తగిన నివాస ముండవలెను.

1887లో విక్టోరియా రాణి పాలనకు ఏబది యేండ్లు నిండినపుడు, స్త్రీలొసగిన విరాళములో 70,000 పౌనులు ఈ కార్యమునకు కేటాయింపబడెను. అంతట ఈ పద్ధతి దేశమంతటను వ్యాపించెను.

శయ్యాగతయై యుండియు ఫ్లారెన్సు భారతదేశపు పారిశుద్ధ్యమును, కరవులను గూర్చి వ్రాయుచుండెను. గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటను దొరతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. వార్ధక్యమున ఆమెకు చూపు పోయెను. ఎందరికో పరిచర్య నేర్పించిన ఆమె తుదిదినములలో ఇతరుల పరిచర్యపై నాధారపడెను. 1910 ఆగస్టు 13వ తేదీన, తన 90వ యేట, లండనులోని స్వగృహమున కన్నుమూసెను.

ముదుసలులు, లేవలేనివారు, దీర్ఘరోగులు లేని యూరు లేదు. తమకు కలిగిన లోపమును పైకి చెప్పుకొనుటకును వారిలో పెక్కురకు శక్తి చాలదు. తలుపు మూసిన గదిలో జరుగుదానిని చూచువారును లేరు. అట్టిచోట చేతులు కడుగుకొని, వేళకు మందిచ్చి, తాను పోవునపుడు మరియొకరికి అప్పగించి పోవువారే నిజమైన సేవకులు.