లక్ష్యమెరిగిన లక్షణజ్ఞుడు: రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ

ఆంధ్రదేశంలో సాహిత్య విమర్శకులకు కొరత లేదు; సంగీతశాస్త్ర పండితులకూ లేదు. పదాన్నీ స్వరాన్నీ ఒకే త్రాసులో తూచగలిగినవారు మాత్రం మిక్కిలి అరుదు. అట్టివారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అగ్రగణ్యులు.

శర్మగారు 1893 జనవరి 23న అనంతపురం జిల్లాలోని రాళ్లపల్లి గ్రామంలో జన్మించారు. తండ్రి కృష్ణమాచార్యులవద్ద సంస్కృతాంధ్రాలు, తల్లి అలమేలుమంగమ్మవద్ద పాట అబ్బాయి. పిమ్మట మైసూరు చేరి పరకాల మఠంలో శాస్త్రాధ్యయనం కొనసాగించారు. కట్టమంచి రామలింగారెడ్డిగారి ఆదరంతో 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితులై, 1949 వరకు అక్కడనే బోధించారు. ఆనాటి మైసూరు సంగీతానికి పెట్టనికోట. శర్మగారు బిడారం కృష్ణప్పగారివద్ద గాత్రం అభ్యసించారు. పాఠం చెప్పే పండితుడు పాటకు శిష్యుడై కూర్చొనడం ఆయన విమర్శకు పునాది. పాడడం ఎరిగినవాని విమర్శకూ వినడం మాత్రమే ఎరిగినవాని విమర్శకూ అంతరం ఉంటుంది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆహ్వానంపై 1928లో ఆయన ఇచ్చిన వేమన ఉపన్యాసాలు, నాటకోపన్యాసాలు, ‘సారస్వతాలోకము’లోని వ్యాసాలు విమర్శలోకానికి సుపరిచితాలే. శాలివాహన గాథాసప్తశతిని తెనిగించిన రసికత వానిలో అడుగడుగునా కనిపిస్తుంది. పాండురంగమాహాత్మ్యంలో కవి పేరైనా పెట్టని నిగమశర్మ అక్కను ఒక సంపూర్ణవ్యక్తిగా నిలబెట్టిన వ్యాసం ఒక్కటి చాలు. గాయకుడు అనుస్వరాన్ని విన్నట్లే ఈ విమర్శకుడు కావ్యంలోని చిన్నపాత్రను విన్నాడనిపిస్తుంది. సంగీతాన్ని గూర్చి ఆయన కన్నడంలో వ్రాసిన ‘గానకళె’ తెలుగు పాఠకులకు చేరవలసినంతగా చేరలేదు.

అయితే ఈ విమర్శకునికి నిజమైన పరీక్ష ఉద్యోగ విరమణానంతరం ఎదురైంది. 1950లో ఆయన తిరుపతి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో చేరారు. తాళ్లపాకవారి రాగిరేకుల పరిష్కరణలో కృషిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఆ సంవత్సరమే దివంగతులైనారు. రేకులపై సాహిత్యం ఉంది, రాగనామం ఉంది, స్వరం లేదు. అన్నమాచార్యుల సంకీర్తన లక్షణానికి మనుమడు చినతిరుమలాచార్యులు చేసిన తెలుగుసేత సైతం మిగిలింది. అంటే లక్షణం నిలిచింది, లక్ష్యం నశించింది.

రాగనామం ఉన్నంత మాత్రాన సమస్య తీరదు. అన్నమాచార్యులు 1503లో పరమపదించారు. వేంకటమఖి డెబ్బది రెండు మేళాల వ్యవస్థ పదునేడవ శతాబ్దిది. నడుమ రాగాల రూపాలు మారాయి. కొన్ని వాడుకలోనుండి తొలగాయి. నాటి పేరుకు నేటి స్వరూపం తగిలిస్తే అది పరిష్కరణమా, నూతన రచనా? తాళ్లపాకవారి పాట సాధారణంగా పల్లవి, మూడు చరణాలుగా నడుస్తుంది. దానిని త్యాగరాజస్వామి కృతి వలె సంగతులతో పెంచితే మాట వెనుకబడుతుంది. ఏమీ చేయక ఊరకుంటే పాట గ్రంథంగానే మిగిలిపోతుంది.

శర్మగారు రెండవ మార్గాన్ని ఎన్నుకోలేదు. నూటికి పైగా కీర్తనలకు తామే స్వరరచన చేశారు. పోయిన బాణీ తిరిగి దొరికిందని ఎవరూ భ్రమపడనక్కరలేదు. అవి ఇరువదవ శతాబ్దిలో ఒక విద్వాంసుడు కూర్చిన వరుసలు. పరిష్కర్తగా పాఠాన్ని కాపాడడం ఒక ధర్మం, వాగ్గేయకారుని మాటకు తన స్వరం జోడించడం మరొక సాహసం. ఈ రెండూ ఒక వ్యక్తిలోనే కలియడం వల్లనే ఆ వరుసలలో పదచ్ఛేదం చెడలేదని చెప్పవచ్చు.

ఇక్కడ కోనసీమ పండితుడొకరు స్మరణకు వస్తారు. ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు రసగంగాధరంలో పరుల శ్లోకాలను గ్రహింపక స్వీయరచనలనే ఉదాహరణలుగా నిలిపారు. లక్షణం చెప్పినవాడే లక్ష్యం చూపాడు. శర్మగారిదీ ఆ కోవయే. కాని ఆయన పని మరింత ఇరుకైనది. పండితరాయలు తన లక్షణానికి తగినట్లు శ్లోకం అల్లుకొనగలరు. శర్మగారికి మాట పరునిది, రాగనామం పరునిది, వినే చెవి మాత్రం నేటిది.

జాయసేనాని నృత్తరత్నావళికి ఆయన చేసిన తెలుగు అనువాదం 1969లో వెలువడింది. మద్రాసు సంగీత అకాడమీ 1974లో సంగీత కళానిధి బిరుదంతో గౌరవించింది. ప్రధానంగా కచేరీ విద్వాంసులకే దక్కుతూ వచ్చిన ఆ బిరుదం ఒక తెలుగు పండితునికి దక్కడం గమనింపదగిన విశేషం. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసునిగా సన్మానించిన 1979 మార్చి 11వ తేదీనాడే శర్మగారు కీర్తిశేషులైనారు.