జైల్లో పుట్టిన నవల: ఉన్నవ లక్ష్మీనారాయణ గారి కథ

మన సావనీర్‌లో ఏటా మన్యం వీరుల గురించి రాసుకుంటూనే ఉన్నాం. ఈసారి నేను గుంటూరు వైపు మనిషిని ఎంచుకున్నాను. మన పిల్లల్లో కథలు రాసి ట్రంకు పెట్టె అడుగున దాచుకునేవాళ్లు చాలామందే ఉన్నారని హాస్టల్లో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. పుస్తకం రాయడం ఒక ఎత్తు, అది జనం చేతికి చేరడం ఒక్కటీ ఒక ఎత్తు. ఆ రెండో దానికి ఉన్నవ వారు పడిన పాట్లు మీరు తెలుసుకోవాలి.

ఆయన 1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పొందారు (మా టీచర్లకు ఇది కాస్త గర్వంగా ఉంటుంది). తర్వాత ఐర్లండు వెళ్లి బారిష్టరు అయ్యారు. వీరేశలింగం గారి దారిలో వితంతు వివాహాలు చేయించారు. భార్య లక్ష్మీబాయమ్మ గారితో కలిసి గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. బారిష్టరు కోటు వేసుకుని హాయిగా డబ్బు సంపాదించుకోగలిగిన మనిషి. కానీ పల్నాడు అడవి ఆయన్ని జైలుకు తీసుకెళ్లింది.

అడవి అంటే మీకు వెంటనే అర్థమవుతుంది. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు ప్రభుత్వం వసూలు చేసే పన్నును పుల్లరి అనేవారు. తాతల నాటి నుంచి మేపుకుంటున్న చోట పన్నేమిటని పల్నాడు రైతులు ఎదురు తిరిగారు. మన ఏజెన్సీలో పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టాలే అక్కడా పీడించాయి. 1921లో అక్కడి సంగతులు విచారించడానికి కాంగ్రెస్ ఉన్నవ వారిని పంపింది. ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని జైల్లో పెట్టింది. ఆ పుల్లరి పోరాటంలోనే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు.

రాయవెల్లూరు జైల్లో ఆయన రాసిన నవలే మాలపల్లి. దానికి సంగవిజయం అని ఇంకో పేరుంది. అప్పటిదాకా తెలుగు నవలల్లో పెద్ద కులాలవారు, రాజులే ఎక్కువగా కథానాయకులు. ఈయన మాలపల్లెలోని రామదాసు కుటుంబాన్ని తెచ్చి నడిమధ్యన కూర్చోబెట్టారు. చిన్నకొడుకు సంగదాసు భూస్వామి చౌదరయ్య దగ్గర పనిచేస్తూ, కూలీల పక్షాన నిలబడి, ఆ చౌదరయ్య చేతి దెబ్బకే చనిపోతాడు. పెద్దకొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే పేరుతో ధనవంతుల్ని దోచి పేదలకు పెట్టే దారి పడతాడు. ఉన్న భూమి పోయి, మిగిలిన కుటుంబం చివరికి సెటిల్మెంటు పాలవుతుంది. సెటిల్మెంటు అంటే ఏమిటో మన ఎరుకల అన్నదమ్ములకు నేను చెప్పనక్కర్లేదు. 1913లో మొదలైన స్టువర్టుపురం అలాంటిదే. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన ఆ చట్టం 1952 దాకా పోలేదు. ఆ బతుకులు నవలకెక్కాయి, అదీ గుంటూరు పల్లెల్లో మాట్లాడుకునే వాడుక భాషలో.

1922లో బెల్లంకొండ రాఘవరావు గారు దాన్ని అచ్చు వేయించారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ముందుమాట రాశారు. అంత పెద్దవారు అండగా ఉన్నా, కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ రోజులు ఎలాంటివో గుర్తు చేసుకోండి. 1922 ఆగస్టులోనే అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు తీసుకెళ్లింది. మన కొండల్లో తిరుగుబాటు నడుస్తుండగా, కూలీలు సంఘం కట్టే కథ కింద మైదానంలో తిరగడం దొరలకు ఎలా మింగుడుపడుతుంది?

1926లో మద్రాసు శాసనసభలో ఈ నిషేధం మీద చర్చ జరిగింది. 1928లో కొన్ని మార్పులు చేసి అచ్చు వేసుకోవచ్చని అనుమతి వచ్చింది. జైల్లో కూర్చుని రాసిన పుస్తకంలో మాటలు మార్చడానికి ఒప్పుకోవడం లొంగిపోవడమే అని కొందరు అనవచ్చు. నేనలా అనుకోను. ఆరేళ్లు జనం చేతికి అందని పుస్తకం కొంత మారి అయినా అందింది. ఆ కూలీల కథ పెట్టెలో పడి ఉంటే ఎవరికి లాభం?

ఇక్కడ మన విశాఖ వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం మాలపల్లిని పాఠ్యపుస్తకంగా పెట్టింది. తెలుగు చదివే విద్యార్థికి అది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. నిషేధంలో ఉన్న పుస్తకం తరగతి గదికి చేరింది. కానీ 1936లో ప్రభుత్వం మళ్లీ నిషేధించగానే విశ్వవిద్యాలయం కూడా దాన్ని పాఠాల్లోంచి తీసేసింది. వాల్తేరు మెట్ట మీద అంత చదువున్న పెద్దలకు కూడా సర్కారు మాట దాటడం కుదరలేదు. మరుసటి ఏడాది, 1937లో, రాజాజీ ప్రభుత్వం వచ్చి నిషేధం ఎత్తేసింది. అప్పటికి నవల మొదటిసారి అచ్చయి పదిహేనేళ్లు.

ఈ పదిహేనేళ్లూ ఉన్నవ వారు నిషేధం ఎప్పుడు పోతుందా అని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పల్నాటి నాగమ్మ మీద నాయకురాలు నాటకం రాశారు. ఉప్పు సత్యాగ్రహంలో మళ్లీ జైలుకు వెళ్లారు. శారదా నికేతనం నడిపించారు. 1958 సెప్టెంబరు 25న కన్నుమూశారు.

మాలపల్లి ఇప్పుడు దొరుకుతుంది. మాలపిల్ల సినిమాతో కలిపేసుకోకండి, అది 1938లో వచ్చింది, దాని కథ చలం గారిది. నవల లావుగా ఉంటుంది, మధ్యలో వేదాంత చర్చలు సాగుతూ ఉంటాయి. విసుగనిపిస్తే ఆ పేజీలు దాటేసి సంగదాసు, జగ్గడు ఉన్న చోట్లు చదవండి, తర్వాత వెనక్కి రావచ్చు. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లలు అలాగే చదువుతున్నారు.