కంప్యూటర్‌కు మాటలు నేర్పిన గ్రేస్ హాపర్

కంప్యూటర్ చదివే విద్యార్థులందరికీ గ్రేస్ హాపర్ పేరు ఒక పురుగు కథతో పరిచయమవుతుంది. యంత్రంలో దూరిన పురుగును ఆమె పట్టుకుందనీ, ప్రోగ్రాంలో తప్పుకు ‘బగ్’ అనే పేరు అలా వచ్చిందనీ చెబుతారు. అందులో నిజం కొంతే. ఆమె చేసిన అసలు పని ఇంతకంటే పెద్దది.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్క్ నగరంలో జన్మించింది. ఏడేళ్ళ వయసులో అలారం గడియారం ఎలా మోగుతుందో చూద్దామని విప్పింది. తిరిగి బిగించడం రాక, చూసి నేర్చుకుందామని ఇంకొకటి విప్పింది. తల్లి కంటబడేసరికి ఏడు గడియారాలు ముక్కలై ఉన్నాయి. ఇకపై ఒక్క గడియారంతోనే ఆడుకోవాలని తల్లి షరతు పెట్టింది. లాటిన్‌లో తప్పడం వల్ల వాసర్ కాలేజీలో చేరడం ఒక ఏడాది ఆలస్యమైంది. 1928లో డిగ్రీ, 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేట్ పొంది, వాసర్‌లోనే పాఠాలు చెప్పింది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, నౌకాదళ రిజర్వులో చేరింది. ఉండవలసిన బరువుకంటే 15 పౌన్లు తక్కువ ఉన్నా ప్రత్యేక అనుమతి తెచ్చుకుంది. 1944లో ఆమెను హార్వర్డ్‌లో హోవార్డ్ ఐకెన్ రూపొందించిన మార్క్-1 యంత్రం దగ్గరికి పంపారు. దాని పొడవు 51 అడుగులు. ఆదేశాలన్నీ కాగితపు టేపు మీద రంధ్రాలుగా ఉండేవి. ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించాలంటే టేపు రెండు కొసలూ కలిపి అతికించేవారు. రంధ్రం తప్పు చోట పడితే దాని మీద కాగితం ముక్క అంటించేవారు. ఇప్పుడు ‘ప్యాచ్’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ అతుకులే గుర్తుకొస్తాయి.

ఇక పురుగు సంగతి. 1947 సెప్టెంబరు 9న మార్క్-2 యంత్రం రిలేలో ఒక దీపపు పురుగు చిక్కుకుంది. సిబ్బంది దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు. ఆ పుస్తకం వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంకు చేరింది. పురుగును పట్టినది హాపర్ కాదు, ఆ కథను జీవితమంతా సరదాగా చెప్పింది ఆమె. యంత్రాల లోపాన్ని బగ్ అనడం ఎడిసన్ కాలం నుండే ఉంది.

1949లో ఆమె ఫిలడెల్ఫియాలో యూనివాక్ కంప్యూటర్ తయారుచేస్తున్న కంపెనీలో చేరింది. ప్రోగ్రామర్లు ఒకసారి సరిగా పనిచేసిన ముక్కలను నోటు పుస్తకాల్లో దాచుకుని, అవసరమైనప్పుడు చేత్తో ఎత్తి రాసుకునేవారు. కొత్త చోటికి తగ్గట్టు ప్రతి అడ్రసుకూ ఒక సంఖ్య కలపాలి. ఆ కూడికలో తప్పులు, ఎత్తి రాయడంలో తప్పులు. 4 అంకె ఖాళీ గుర్తుగా మారేది, బి అక్షరం 13 అయ్యేది. ఇమాక్స్, విమ్ లాంటి ఎడిటర్లలో సొంత స్క్రిప్టులు రాసుకునే మన మిత్రులకు ఈ బాధ తెలియనిది కాదు. స్నేహితుడి ఫైల్లోంచి నాలుగు వరుసలు తెచ్చుకుంటాం. అక్కడ పనిచేసినవి ఇక్కడ మొరాయిస్తాయి. రాత్రంతా వెతికితే ఎక్కడో ఒక పేరు మార్చలేదనో, ఒక బ్రాకెట్ జారిపోయిందనో తేలుతుంది.

మనమైతే ఇంకొంచెం జాగ్రత్తగా రాయాలనుకుని ఊరుకుంటాం. ఎత్తి రాయడం, కూడడం యంత్రం పనే కదా అని ఆమె ఆలోచించింది. 1952లో ఎ-0 అనే కంపైలర్ సిద్ధం చేసింది. పిలుపు సంఖ్య ఇస్తే అది టేపు మీద దాచిన ముక్కను వెతికి తెచ్చి, అడ్రసులు సరిచేసి జోడించేది. అది పనిచేస్తున్నా చాలాకాలం ఎవరూ ముట్టుకోలేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుందే తప్ప ప్రోగ్రాం రాయలేదని ఆమెకే బోధించారు!

తర్వాత ఆమె ఇంకో అడుగు వేసింది. గణిత గుర్తులు రాని గుమాస్తాలు కూడా మామూలు మాటలతో ప్రోగ్రాం రాయాలన్నది ఆమె పట్టుదల. అలా ఇంగ్లీషు మాటలతో ఫ్లో-మ్యాటిక్ వచ్చింది. ఆ ప్రయత్నంలోనే ఒకే ప్రోగ్రాంను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ మాటల్లో నడపవచ్చని యాజమాన్యానికి చూపించింది. వాళ్ళు మెచ్చుకోకపోగా కంగారు పడ్డారు. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి ఎలా వస్తుందన్నారు. ఇంగ్లీషు మాత్రమే ఉంటుందని వాళ్ళను ఒప్పించడానికి ఆమెకు నెలలు పట్టింది. తెలుగు మీడియంలో చదివి, మొదటిరోజు ల్యాబులో బిక్కమొహం వేసిన మనం ఈ సంఘటన తెలుసుకోవాలి. యంత్రానికి ఇంగ్లీషూ రాదు. దానికి ఏ మాటైనా అంకెల వరుసే.

1959లో ఒక కమిటీ కోబాల్ భాషను రూపొందించడం మొదలుపెట్టింది. హాపర్‌ను కోబాల్ తల్లి అంటారు కానీ ఆమె ఆ కమిటీకి సలహాదారు మాత్రమే. అయితే కోబాల్‌కు ముఖ్యమైన ఆధారం ఫ్లో-మ్యాటిక్కే.

1966లో నౌకాదళం ఆమెను రిటైర్ చేసి, మరుసటి ఏడాదే ఆరు నెలల పనికని వెనక్కి పిలిచింది. ఆ ఆరు నెలలు 1986 దాకా సాగాయి. రియర్ అడ్మిరల్ హోదాలో దిగేనాటికి ఆమె వయసు 79. ఉపన్యాసాలకు వెళ్ళినప్పుడు 11.8 అంగుళాల తీగ ముక్కలు పంచి, ఒక నానోసెకనులో కాంతి పోగలిగే దూరం ఇంతే అని చేతికిచ్చి చూపేది.

1992 జనవరి 1న ఆమె మరణించింది. ఆ దశాబ్దం చివర, కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు కేటాయించిన చోట్లు వెతికి సరిచేసే వై2కె పని ప్రపంచమంతటా వచ్చిపడింది. ఆ పని కోసం హైదరాబాదు శిక్షణ కేంద్రాల్లో కోబాల్ నేర్చుకుని ఎందరో తెలుగు యువకులు అమెరికా విమానం ఎక్కారు.