వేడికి లొంగని లోహం: షార్ల్ గీయోమ్ కథ

మొదటి సంవత్సరంలో మా ఫిజిక్సు లాబులో ఇత్తడి కడ్డీ వ్యాకోచ గుణకం కనుక్కునే ప్రయోగం చేశాను. నాలుగు రీడింగులు ఒక దారిన పోతే ఐదోది ఇంకో దారి పట్టింది. చూస్తే టైము అయిపోతోంది, రికార్డు మీద సంతకం పడాలి. పుస్తకంలోని విలువకు దగ్గరగా వచ్చేట్టు ఆ ఐదో అంకెను మార్చి రాసేశాను. సంతకం పడింది. ఈ ఘనకార్యం చేసింది నేనొక్కణ్ణే కాదని ఈ సంచిక చదివే మిత్రులకు వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత కొన్నాళ్లకు షార్ల్ ఎడ్వార్ గీయోమ్ జీవితం చదివాను. చదివి సిగ్గుపడ్డాను. ఎందుకంటే ఆయన కథ మొదలైందే దారి తప్పిన రీడింగుతో.

గీయోమ్ 1861 ఫిబ్రవరి 15న స్విట్జర్లండులోని ఫ్లూరియే అనే ఊళ్లో పుట్టాడు. జూరా కొండల నడుమ ఉన్న ఆ ప్రాంతం వాచీల పనికి పెట్టింది పేరు. మంచు కురిసే నెలల్లో పొలం పని ఉండదు కనుక రైతు కుటుంబాలు కూడా ఇళ్లలో కూర్చుని వాచీ సామాను చేసేవి. గీయోమ్ తాతది మొదట ఫ్రాన్సు. విప్లవకాలంలో రాజకీయ కారణాలవల్ల దేశం విడిచి లండను చేరి, అక్కడ గడియారాల వ్యాపారం పెట్టాడు. తండ్రి తిరిగి స్విట్జర్లండుకు వచ్చి ఫ్లూరియేలో అదే వృత్తిలో స్థిరపడ్డాడు. అంటే మన కథానాయకుడు పుట్టింది గడియారాల టిక్‌టిక్‌ల మధ్యనే. కానీ ఆయన పనిబల్ల ముందు కూర్చోలేదు. పదిహేడేళ్ల వయసులో జూరిక్ పాలిటెక్నిక్‌లో చేరి, 1883లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. అదే ఏడాది పారిస్ దగ్గర సేవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల బ్యూరోలో ఉద్యోగంలో చేరాడు. తక్కిన జీవితమంతా అక్కడే.

ఈ ఉద్యోగంలో మొదట ఆయనకు అప్పగించిన పని పాదరసపు థర్మామీటర్లలో తప్పులు వెదకడం. వినడానికే విసుగు పుట్టే పని. డిగ్రీలో వందో వంతు, వెయ్యో వంతు కోసం ఏళ్లకేళ్లు! కానీ మీటరు కడ్డీ పొడవు చెప్పాలంటే అప్పుడు దాని ఉష్ణోగ్రత ఎంతో ముందు సరిగ్గా తెలియాలి కదా. 1889లో ప్రపంచానికంతటికీ ప్రమాణంగా నిర్ణయించిన మీటరు కడ్డీ 90 పాళ్లు ప్లాటినం, 10 పాళ్లు ఇరిడియం కలిపి చేసింది. దాని ధర చూస్తే మామూలు ప్రయోగశాలలకు గుండె గుభేలుమంటుంది. చవకలో దొరికే మంచి లోహం కోసం గీయోమ్ వెదకడం మొదలుపెట్టాడు.

1895లో ఫ్రెంచి ఫిరంగి దళం వాళ్లు 22 శాతం నికెలు, 3 శాతం క్రోమియం కలిసిన ఉక్కు కడ్డీ ఒకటి బ్యూరోకు పంపారు. డైరెక్టరు బెన్వా కొలిచి చూస్తే దాని వ్యాకోచం ఇనుమును మించింది, నికెలునూ మించింది. రెండు లోహాలు కలిపితే వచ్చేది ఆ రెంటికీ మధ్యలో ఉండాలి కదా! మరుసటి ఏడు గీయోమ్ చేతికి 30 శాతం నికెలున్న కడ్డీ వచ్చింది. ఇది సరిగ్గా ఎదురు తిరిగింది. దీని వ్యాకోచం ప్లాటినం కంటే మూడో వంతు తక్కువ! కొలతలో పొరపాటు జరిగిందని దాన్ని పక్కన పెట్టేసి ఉంటే కథ అక్కడితో సరి. గీయోమ్ పక్కన పెట్టలేదు. ఇంఫీ ఉక్కు కర్మాగారం వాళ్లచేత నికెలు పాళ్లు మారుస్తూ రకరకాల కడ్డీలు పోయించి, ఒక్కొక్కటే కొలుచుకుంటూ పోయాడు. 36 శాతం దగ్గర వ్యాకోచం అట్టడుగుకు దిగింది. ఇనుముతో పోలిస్తే సుమారు పదో వంతు. మారనిది అనే అర్థంలో దానికి ఇన్వార్ అని పేరు పెట్టారు.

కారణం తర్వాతి తరాలవాళ్లు విడదీసి చెప్పారు. వేడెక్కిన కొద్దీ లోహం సాగాలని చూస్తుంది. అదే సమయంలో ఇన్వార్‌లోని అయస్కాంత గుణం క్షీణిస్తూ దాన్ని కుదించాలని చూస్తుంది. ఒకటి లాగితే ఒకటి నెట్టి, మొత్తానికి కడ్డీ ఉన్నచోటే ఉంటుంది.

దీనికీ వాచీకీ ఏమిటి సంబంధం? మా ఊళ్లో బండి చక్రానికి పట్టా వేసేటప్పుడు చూడండి. పిడకల మంటలో కాల్చిన ఇనుప పట్టాను చక్రం మీద కూర్చోబెట్టి నీళ్లు పోస్తే చుయ్‌మని బిగుసుకుపోతుంది. కమ్మరికి వరమైన ఆ గుణమే వాచీ చేసేవాడికి శాపం. వాచీ ప్రాణమంతా రెండింటిలో ఉంది. అటూ ఇటూ ఊగే బాలెన్సు వీలు, దాన్ని వెనక్కు లాగే వెంట్రుకంత హెయిర్ స్ప్రింగు. వేడికి చక్రం కాస్త పెద్దదవుతుంది. అంతకంటే ముఖ్యంగా స్ప్రింగు బిగువు సడలుతుంది. ఉక్కు స్ప్రింగు, ఇత్తడి చక్రం అయితే ఒక్క డిగ్రీకి రోజుకు సుమారు 11 సెకన్లు వెనకబడుతుంది. ఇరవై డిగ్రీలు పెరిగితే మూడున్నర నిమిషాలు దాటుతుంది! చేతి వాచీ సంగతి సరే, సముద్రం మీద ఓడకు కాలమే దారి. భూమధ్యరేఖ దగ్గర 4 సెకన్ల తప్పు అంటే ఒక నాటికల్ మైలు తప్పు.

పాత పనివాళ్లు ఇత్తడినీ ఉక్కునూ అతికి చక్రం చేసి ఈ తప్పును చాలావరకు దిద్దారు. అయితే రెండు ఉష్ణోగ్రతల దగ్గర సరిపోతే మధ్యలో తేడా వచ్చేది. ఉక్కు బదులు సుమారు 44 శాతం నికెలున్న తన మిశ్రమాన్ని వాడి గీయోమ్ ఆ మిగిలిన తేడాను కూడా దాదాపు తుడిచేశాడు. అప్పటికీ ఊరుకోలేదు. చక్రాన్ని దిద్దడం దేనికి, స్ప్రింగునే మారకుండా చేస్తే పోలేదా అనుకున్నాడు. నికెలు ఉక్కులో సుమారు 12 శాతం క్రోమియం కలిపి, వేడికి బిగువు సడలని ఎలిన్వార్ తయారుచేశాడు. దాంతో మామూలు వాచీ కూడా వేడికీ చలికీ తట్టుకోగలిగింది. ఎలిన్వార్ మెత్తన, పైగా అయస్కాంతానికి లొంగుతుంది. 1933లో రైన్‌హార్డ్ స్ట్రౌమన్ తెచ్చిన నివరాక్స్ ఆ లోపాలను తగ్గించింది. మెకానికల్ వాచీల స్ప్రింగుల్లో ఈనాటికీ ఆ వంశమే నడుస్తోంది. 1969లో క్వార్ట్జ్ వాచీ వచ్చి మెకానికల్ వాచీల ఆధిపత్యాన్ని దెబ్బతీసినా, ఇన్వార్ బతికే ఉంది. ద్రవ రూపంలో సహజవాయువును మోసే కొన్ని ఓడల తొట్లకు లోపలి పొర ఇన్వార్ రేకే.

ఆయనలో నాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి. ఇన్వార్ కడ్డీ ఏళ్లు గడిచేకొద్దీ అతిస్వల్పంగా పొడుగవుతుందని కనుక్కున్నది కూడా గీయోమే. అంటే ప్లాటినం మీటరు స్థానంలో దాన్ని కూర్చోబెట్టడానికి వీల్లేదు. తాను మొదట బయలుదేరింది ఆ పనికే! తన బిడ్డ లాంటి లోహంలోని లోపాన్ని దాచిపెట్టకుండా, ఆ పెరుగుదలను కూడా కొలిచి ప్రకటించాడు.

1915లో బ్యూరోకు డైరెక్టరయ్యాడు. 1920లో ఫిజిక్సులో నోబెల్ బహుమతి వచ్చింది. ఐన్‌స్టైన్ పేరు ప్రపంచమంతా మారుమోగుతున్న రోజులవి. ఆయనకు రావలసిన 1921 బహుమతిని 1922లో గాని ప్రకటించలేదు. ఆయనకంటే ముందు, ఉక్కు కడ్డీలు కొలుస్తూ కూర్చున్న ఈయన్ను ఎంపిక చేశారు. ఇదేం ఎంపిక అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. సన్నని కొలతలు లేకపోతే గొప్ప సిద్ధాంతాలు నిజమో కాదో తేల్చేదెవరు? 1936లో పదవి విరమించి, 1938లో సేవ్ర్‌లోనే కన్నుమూశాడు.

ఈ ఏడు ఖాళీ పీరియడులో లెక్చరరు గారిని అడిగి ఆ ఇత్తడి కడ్డీ ప్రయోగం మళ్లీ చేశాను. మళ్లీ ఒక రీడింగు తేడా వచ్చింది. ఈసారి మార్చలేదు. వెదికితే తెలిసింది: ఆవిరి కడ్డీ చివరిదాకా పారకముందే నేను తొందరపడి స్క్రూ తిప్పుతున్నాను. తప్పు రీడింగుది కాదు, నాది. ఆ అంకెను అలాగే ఉంచి, కింద కారణం రాసి చూపించాను. లెక్చరరు గారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

— బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి