వాన్ డెర్ వాల్స్ పండితుని జీవితము

మన వార్షిక మహాసభల సంచికయందు మనవారిలో పేరెన్నికగన్న శిల్పుల చరిత్రలును, దాతల చరిత్రలును ప్రకటించుట యాచారముగా వచ్చుచున్నది. ఈ పర్యాయము మేము సముద్రములకావల బుట్టిన యొక మహనీయుని జీవితమును వ్రాయ సాహసించుచున్నాము. ఆయన మన దేశీయుడు కాడు, మన కులజుడును గాడు. కాని యులియు బాడిసయు పట్టి కుటుంబమును పోషించిన యొక వడ్రంగికి జ్యేష్ఠపుత్రుడు. పిమ్మట మావలెనే పిల్లలకు పాఠములు చెప్పి జీతము దిన్నవాడు. ఈ రెండు కారణములచేతను ఆయనయెడ మాకు బంధుప్రీతివంటి దొకటి కలుగుచున్నది.

హాలెండు దేశమున లైడెన్ పట్టణమందు 1837వ సంవత్సరము నవంబరు 23వ తేదీన యోహాన్నెస్ డీడెరిక్ వాన్ డెర్ వాల్స్ జన్మించెను. తండ్రి పేరు యాకోబస్. పదుగురు సంతానములో నీయనయే పెద్దవాడు. ఆ పట్టణమందే 1575లో నెలకొల్పబడిన సుప్రసిద్ధ విశ్వవిద్యాలయము గలదు. వడ్రంగి యిల్లును విద్యాలయమును ఒక్కయూరిలోనివే. అయినను ఒకదానినుండి రెండవదానికి పట్టభద్రుడుగా నడచిపోవుటకు ఈయనకు ముప్పదియైదవ యేడు రావలసివచ్చెను.

కారణ మేమనగా, ఆ కాలమున లాటిను, గ్రీకు భాషలు నేర్చినవారికే విశ్వవిద్యాలయ పరీక్షలకు గూర్చుండు నర్హత. ఆ భాషలు కలవారి బిడ్డల పాఠశాలలలోనే నేర్పబడుచుండెను. వడ్రంగి కుమారునకు పదునైదవ యేటనే చదువు ముగిసెను. అంతట నొక ప్రాథమిక పాఠశాలలో నుపాధ్యాయునకు సహాయకుడుగా చేరి, పనిచేయుచునే యొక్కొక్క పరీక్షయు నిచ్చి, ప్రధానోపాధ్యాయత్వమునకు దగిన యోగ్యతను సంపాదించెను. 1862 మొదలు లైడెన్‌లో గణిత, భౌతిక, ఖగోళశాస్త్రములపై జరుగు నుపన్యాసములను విననారంభించెను. వినుటకు అనుజ్ఞ కలదు, పట్టమునకు మాత్రము హక్కు లేదు.

ఇచట నొక మాట చెప్పక యుండజాలము. మేము బాల్యమునుండి సంస్కృతమునే సేవించినవారము. ప్రాచీనభాషలనిన మాకు ప్రాణము. అయినను పదార్థతత్త్వమును శోధింపగోరువానిని విభక్తులు రాలేదని గడపవద్ద నిలుపుట భాషాభిమానము కాదు. లఘుకౌముది రానివాడు త్రాసు పట్టరాదనుటవంటి దిది. అట్టి ద్వారముల కతమున నెందరు బుద్ధిమంతులు ఊరు పేరు లేక పోయిరో యెవరు లెక్కింపగలరు? విద్యార్థివేతనములకై విరాళములిచ్చు మన పోషకులు ఈ భాగమును రెండుమారులు చదువవలెనని మా కోరిక.

1865లో ఈయనకు డెవెంటర్ పట్టణమున నొక ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్ర బోధకపదవి లభించెను. ఆ సంవత్సరమే అన్నా మాగ్దలేనా స్మిట్ అను కన్యను వివాహమాడెను. మరుసటియేడు హేగ్ నగరమునకు మారెను. కొంతకాలమునకు శాస్త్రవిద్యార్థులకు ప్రాచీనభాషల నిర్బంధము తొలగింపబడగా, 1873 జూను 14వ తేదీన వాయు ద్రవావస్థల అవిచ్ఛిన్నతను గూర్చిన సిద్ధాంతవ్యాసమును లైడెన్‌లో సమర్పించి డాక్టరుపట్టము నందెను.

ఆ వ్యాసమందలి విషయమును కొంచెము వివరింతుము. వాయువును ఎంత నొక్కిన నంత తగ్గునని బోయిలు మున్నే చెప్పియుండెను. తక్కువ పీడనమున నిది సరియే. హెచ్చు పీడనమున లెక్క తప్పును. వాన్ డెర్ వాల్స్ చూచిన లోపములు రెండు. అణువులు కేవలబిందువులు కావు, ఒక్కొక్కటియు కొంత చోటు నాక్రమించును. తిరునాళ్ల గుంపులో మనుష్యుల దేహములు తీసివేయగా మిగిలిన చోటే తిరుగుటకు వీలైనది గదా. మరియు అణువులు పరస్పరము ఆకర్షించుకొనును. అందుచేత గోడపై తగులు దెబ్బ యొకింత మందగించును. మొదటిదానికొక సంఖ్యయు, రెండవదానికొక సంఖ్యయు చేర్చి పాత సూత్రమును సవరించెను. ఆశ్చర్యమేమనగా, ఆ యొక్క సూత్రమే వాయువునకును ద్రవమునకును గూడ సరిపోయెను. బొగ్గుపులుసు వాయువును 31 డిగ్రీలకు మించిన వేడిమిలో నెంత నొక్కినను ద్రవము కాదని ఐర్లండు పండితుడు ఆండ్రూస్ 1869లో ప్రయోగపూర్వకముగా చూపియుండగా, అట్టి సందిగ్ధ ఉష్ణోగ్రత యేల యుండవలెనో యీ సూత్రము తెలిపెను. వ్యాసము డచ్చి భాషలో నుండుటచే దానిని చదువుటకై శాస్త్రజ్ఞులు కొందరా భాషను నేర్వబూనిరని మాక్స్‌వెల్ మహాశయుడు వ్రాసినాడు. లాటిను రాదని త్రోసివేయబడినవాని మాతృభాషను ఇతరదేశస్థులు నేర్వవలసివచ్చెను!

1877లో ఆంస్టర్‌డాం నగరపు క్రొత్త విశ్వవిద్యాలయమున ప్రథమ భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. 1880లో, ఏ పదార్థమునైనను దాని సందిగ్ధస్థితిని మానముగా గొని కొలిచినచో అన్నియు నొకే తీరున ప్రవర్తించునను నియమమును వెలువరించెను. మరుసటియేడే భార్య క్షయరోగమున మరణించెను. ఆమె వయస్సు ముప్పదినాలుగేండ్లు. నలుగురు బిడ్డలు. ఆయన మరల వివాహమాడలేదు. దాదాపు పదియేండ్లు ఒక్క గ్రంథమైనను ప్రకటింపలేదు. జ్యేష్ఠపుత్రిక యింటిభారమును వహించి తండ్రిని కాపాడెను. ఇట్టివారి పేర్లు శాస్త్రచరిత్రలో గానరావు. కాని తరువాతి గ్రంథములన్నిటిలోను ఆ బాలికకు భాగము కలదని మేము తలంతుము.

ఆ మౌనమునకు పిమ్మట 1890లో వెలువడినదే మిశ్రమములను గూర్చిన సిద్ధాంతము. మా దృష్టిలో నిదియే యాయన కృషికి శిఖరము. మన ఎలమంచిలి, అనకాపల్లి ప్రాంతములవారికి మిశ్రమమనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. పెనములో చెరకురసము కాగుచుండగా నీరు తగ్గినకొలది మరుగు వేడిమి హెచ్చుచుండును. పాకము తెలిసినవాడు దానిని కంటితోనే కనిపెట్టును. నీటి గుణము వేరు, చక్కెర గుణము వేరు, రెండును గలసినప్పటి గుణము వేరు. వాన్ డెర్ వాల్స్ చెప్పినదిది: రెండు ద్రవ్యములు కలిసినపుడు మొదటిదాని అణువుల పరస్పరాకర్షణమును రెండవదాని అణువుల పరస్పరాకర్షణమును ఎరిగినంతమాత్రమున చాలదు; దీనికిని దానికిని నడుమగల మూడవ ఆకర్షణమును గూడ గణింపవలెను. రెండిండ్లవారి స్వభావములును దెలిసినను వియ్యము కుదిరిన పిమ్మటగాని ఆ సంబంధమెట్టిదో తేలదు గదా! ఈ మూడవదానినిబట్టియే రెండు ద్రవములు కలియుటయు, నూనె నీరువలె విడిపోవుటయు నేర్పడును. ఆయన ఈ స్థితుల నొక తలముగా భావించి, దానియందలి ముడుతలనుబట్టి మిశ్రమము విడిపోవుటను నిర్ణయించెను. ఆ ముడుతల గణితమును కోర్టెవెగ్ అను శిష్యుడు విస్తరించెను. లైడెన్‌లో నట్టి తలములకు ప్లాస్టరుతో నమూనాలును చేసిరి. వడ్రంగి కుమారుని గణితము చేతితో తడిమి చూడదగిన శిల్పమగుట మాకు మిక్కిలి సంతోషావహము.

ఈ సిద్ధాంతపు వెలుగులోనే కూనెన్ అను యువకుడు 1892లో నొక వింతను వివరించెను. కొన్ని వాయుమిశ్రమములను నొక్కగా కొంత ద్రవమగును. ఇంకను నొక్కగా ఆ ద్రవము మరల మాయమగును. లోతైన సహజవాయు బావులనుండి వాయువు తీయుచు పీడనము తగ్గినప్పుడు భూమిలోపలనే ద్రవమేర్పడి చిక్కుకొనుటకు నిదియే హేతువు. నేటి రసాయనిక ఇంజనీర్లు శుద్ధికర్మాగారములలో వాడు సూత్రములు, 1949లో రెడ్లిక్, క్వాంగ్‌లును, 1972లో సోవేయు, 1976లో పెంగ్, రాబిన్సన్‌లును కూర్చినవి, ఈ 1873 నాటి సూత్రపు సంతతియే. వంటయింటి గ్యాసుబండలోని ప్రొపేను, బ్యూటేను మిశ్రమపు పీడనమును గణించుటకును అవియే యాధారము.

1908 జూలై 10వ తేదీన కామర్లింగ్ ఓన్నెస్ లైడెన్‌లో హీలియమును ద్రవరూపమునకు తెచ్చెను. సున్నకు దిగువ 269 డిగ్రీల యా చలికై ప్రయత్నించుటకు ముందుగా దారి చూపినది వాన్ డెర్ వాల్స్ నియమమే. 1910లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. అణువుల నడుమ నుండు స్వల్పాకర్షణములకు నేడాయన పేరే పెట్టబడినది. బల్లి గోడను పట్టుకొని ప్రాకుట యీ బలముచేతనే యని 2002లో పరిశోధకులు చూపిరి. మనవారు బల్లిపాటు ఫలములను విచారించినంతగా బల్లి పడకుండుటను విచారింపలేదు.

ఆచార్యపదవిని 1908లో తన కుమారునకు విడిచెను. రెండవ పుత్రిక జాక్వెలిన్ డచ్చి భాషలో కవయిత్రిగా ప్రసిద్ధి గాంచి, 1922 ఏప్రిలులో దివంగతురాలయ్యెను. మరుసటియేడు 1923 మార్చి 8వ తేదీన, ఎనుబదియైదవ యేట, తండ్రియు ఆంస్టర్‌డాంలో కన్నుమూసెను.