శస్త్రవైద్య శిఖరం అబుల్ ఖాసిం జహ్రావీ

ఆపరేషను అంటే ఇవాళ్టికీ మన ఇళ్లలో భయమే. కోత సంగతి అటుంచి, కుట్లు చీము పట్టకుండా మానితే చాలునని ఇంటిల్లిపాదీ దువా చేస్తారు. ఈ కత్తి విద్యకు, కుట్ల విద్యకు శాస్త్రరూపం ఇచ్చిన మహనీయులలో అగ్రగణ్యులు అబుల్ ఖాసిం జహ్రావీ. యూరపు వారు ఆయన్ను అల్బుకాసిస్ అని పిలుచుకున్నారు.

అది స్పెయిను దేశంలో ముస్లింల పాలన వెలుగుతున్న కాలం. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో ఖుర్తుబా నగరం పక్కన మదీనతుజ్జహ్రా అనే రాజధానిని కట్టించడం మొదలుపెట్టారు. జహ్రావీ అన్న పేరు ఆ ఊరి నుంచి వచ్చిందే. వైద్యం చేయడం, షాగిర్దులకు నేర్పడం, తాను చూసింది రాసిపెట్టడం - ఇదే ఆయన జీవితం. షాగిర్దులను సొంత బిడ్డల్లా సంబోధించేవారు.

జీవితమంతా గడించిన అనుభవాన్ని ఆయన 'అత్తస్రీఫ్' అనే 30 భాగాల గ్రంథంలో పెట్టారు. అది సుమారు 1000వ సంవత్సరంలో పూర్తయింది. చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్స గురించే. సుమారు 200 పనిముట్లకు బొమ్మలు గీయించి, ఏది ఎక్కడ ఎలా వాడాలో వివరించారు.

ఆ భాగం మొదట్లోనే ఆయన చేసిన హెచ్చరిక గుండెకు తగులుతుంది. శరీర నిర్మాణం తెలియనివాడు కత్తి పట్టుకోరాదని ఆయన మాట. ఒక తెలివిలేని వైద్యుడు ఒక స్త్రీ మెడమీద గడ్డను కోయబోయి రక్తనాళాలు తెగ్గొట్టాడు. ఆమె అతని చేతుల్లోనే ప్రాణం విడిచింది. ఇది జహ్రావీ కళ్లారా చూసిన సంగతి.

ఇంకొక సంఘటన. ఒక బానిస పిల్ల కత్తితో తన గొంతు తానే కోసుకుంది. జహ్రావీని పిలిపించారు. ఆయన గాయాన్ని పరీక్షించి, పెద్ద రక్తనాళం తెగలేదని, గాలి గొట్టం మాత్రమే తెగిందని గ్రహించారు. వెంటనే కుట్టు వేసి, మానేదాకా వైద్యం చేశారు. గొంతు కాస్త బొంగురుపోవడం తప్ప ఆ పిల్లకు ఏ లోటూ రాలేదు. ఖలీఫాల కాలపు వైద్యుడు ఒక బానిస పిల్ల ప్రాణం కోసం అంత శ్రద్ధ తీసుకున్నాడంటే, అదీ వైద్యధర్మం.

పేగు తెగితే ఏం చేయాలో కూడా ఆయన రాశారు. పెద్ద చీమలచేత గాయం అంచులను కరిపించి, తలలు అక్కడే ఉంచి మొండెం తుంచేయడం ఒక పద్ధతి. మన దేశంలో సుశ్రుతుడు ముందే చెప్పిన ఉపాయం ఇది. రెండోది, జంతువు పేగు నుంచి తీసిన సన్నని దారంతో కుట్టడం. అటువంటి దారం ఒంట్లో తనంతట తానే కరిగిపోతుంది.

సుమారు 1013లో ఆయన కన్నుమూశారు. అప్పటికే అంతర్యుద్ధంలో మదీనతుజ్జహ్రా పాడుబడింది. నగరం పోయింది గానీ ఇల్మ్ పోలేదు. 12వ శతాబ్దంలో గెరార్డు అనే పండితుడు టొలెడో నగరంలో శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు. కొన్ని శతాబ్దాలు యూరపు వైద్యులకు అదే పాఠ్యగ్రంథం.

అయితే చీముకు మూలం సూక్ష్మక్రిములని ఆ కాలంలో ఎవరికీ తెలియదు. ఆ గుట్టు పాశ్చర్ పరిశోధనలతో బయటపడింది. దాన్ని ఆధారం చేసుకుని గ్లాస్గోలో లిస్టర్ అనే డాక్టరు 1860లలో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు శుభ్రం చేశాడు. పేగు దారాన్ని కూడా అందులో నానబెట్టి వాడాడు. దారానికే మందు పట్టించే ఆలోచన అలా ఊపిరి పోసుకుంది. ఇప్పుడు ట్రైక్లోసాన్ అనే క్రిమిసంహారిణి పూత పూసిన దారాలు వచ్చాయి. వాటిని వాడవచ్చునని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. కానీ మన దేశంతో సహా 7 దేశాలలో 5,700 మందికి పైగా రోగులమీద జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో, కడుపు ఆపరేషన్లలో మామూలు దారానికీ దీనికీ తేడా కనిపించలేదు.

చెప్పొచ్చేదేమిటంటే, మందు దారం ఒక్కటే మనిషిని కాపాడదు. చదువుకున్న చేయి కావాలి, శుభ్రమైన చేయి కావాలి. గాయమైతే చదువురాని వాడిచేత కుట్లు వేయించుకునే అలవాటు మన బస్తీలలో ఇంకా ఉంది. వెయ్యేళ్ల క్రితం జహ్రావీ హెచ్చరించింది సరిగ్గా దీని గురించే.

సోదర సోదరీమణులారా! మా పెద్దలు గొప్పవారని చెప్పుకుంటే కడుపు నిండదు. తహారత్ మన దీన్‌లో భాగం. దాన్ని ఆసుపత్రి మంచం దాకా తీసుకుపోదాం. మన అబ్బాయిలను, అమ్మాయిలను డాక్టర్లుగా, నర్సులుగా చదివిద్దాం. జహ్రావీకి మనం చెల్లించగల నిజమైన కృతజ్ఞత అదే.